చెరగని వ్రాత : కంప్యూటరు స్మృతిలో తప్పుల నివారణ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శాస్త్రవిషయ మొకటి అందరకు తెలియునట్లు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. అందరకు తెలియవలెనన్న అందరివద్దను ఉన్న వస్తువును గురించి మాటలాడుట మేలు. మీ జేబులోని సెల్ ఫోను, తాళముల గుత్తికి వ్రేలాడు పెన్ డ్రైవు, మన కార్యాలయములలో ఫైళ్ళ బీరువాల స్థానము నాక్రమించిన కంప్యూటరులు, వీనియన్నింటిలోను ఒక స్మృతి కలదు. మెమరీ యని అందరును అనుచున్నారు. నేను స్మృతి యనియే అందును. ఇది రెండు విధములు. ఒకటి పలకవంటిది. పని జరుగుచున్నంతసేపు లెక్క వేసికొనుటకు పనికివచ్చును, కరెంటు పోయినతోడనే తుడిచిపెట్టుకొని పోవును. రెండవది కరెంటు లేకున్నను నిలుచునది. మన ఫోటోలు, ఉత్తరములు, జీతపు లెక్కలు, పింఛను కాగితములు నిలిచియుండునది ఈ రెండవదానిలోనే. అది ఎట్లు నిలుచుచున్నది? మనము నమ్మినంత గట్టిగా నిలుచుచున్నదా? నేటి నా ప్రసంగవిషయ మిదియే.

అక్షరమనగా నశింపనిదని అర్థము. కాని వ్రాసిన అక్షర మెంతటి సులభముగా నశించునో మన పెద్దలకు తెలిసినంతగా మనకు తెలియదు. వారు తాటియాకుపై గంటముతో గీసి, మసి పూసి అక్షరములను తేర్చెడివారు. పురుగు పట్టకుండ నూనె పూసెడివారు. అయినను కొన్ని తరములకు ఆకు పెళుసెక్కి విరుగును. అది పూర్తిగా పాడుకాకముందే మరియొకరు క్రొత్త ఆకులపై ప్రతి వ్రాయవలెను. వ్రాయునప్పుడు పకారము వకారమగును, మకారము యకారమగును, ఒక పంక్తి జారిపోవును. ప్రతి వ్రాయుట తప్పదు. వ్రాసినపుడు తప్పు దొరలుటయు తప్పదు. ఈ చిక్కునకు వారు కనిపెట్టిన ఉపాయము గమనింపదగినది. తప్పు చేయని లేఖకుని కొరకు వారు వెదకలేదు. తప్పు దొరలినచో పట్టుబడునట్లు వ్రాతనే కట్టిరి.

ఉత్పలమాలను తీసికొనుడు. పాదమునకు ఇరువది అక్షరములు. గురులఘువుల వరుస నిర్ణీతము. పదవ అక్షరము యతిస్థానము. నాలుగు పాదములలోను రెండవ అక్షరము ప్రాస. లేఖకు డొక అక్షరము విడిచినచో గణము విరుగును. రెండవ అక్షరము మార్చినచో ప్రాస చెడును. పదవ అక్షరము మారినచో యతి తప్పును. భావమున కవసరమైన దానికంటె అధికముగా కవి తెచ్చి పెట్టుకొన్న ఈ నిర్బంధములే తరువాతి పరిష్కర్తకు సాక్షులైనవి. వేదపాఠకు లింకను దూరము పోయిరి. ఘనపాఠములో రెండు పదములను ముందునుండియు వెనుకనుండియు చెప్పి, మూడవ పదమును కలిపి మరల ముందునుండియు వెనుకనుండియు ముందునుండియు చెప్పుదురు. ఒక్క పదము జారినను వినువారికి తెలియవలసినదే. ఇక వేమన పద్యములను ప్రకటించిన సి.పి. బ్రౌన్ దొర అనేక వ్రాతప్రతులను సేకరించి ఒకదానితో నొకటి పోల్చి చూచెను. ఒక ప్రతిలోని తప్పు మరియొక ప్రతిలో నుండకపోవచ్చును గదా!

మన కార్యాలయములలో మాత్రము? చెక్కుపై సొమ్మును అంకెలలోను అక్షరములలోను వ్రాయుచున్నాము. సర్వీసు పుస్తకమునకు రెండు ప్రతులు. ఒకటి కార్యాలయమున, ఒకటి ఉద్యోగివద్ద. ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె మొదటి పదునొకండు అంకెలనుండి గణించి చేర్చినది. వెర్హూఫ్ అను డచ్చి గణితజ్ఞుడు 1969లో ప్రకటించిన పద్ధతి యది. ఒక అంకె తప్పు వ్రాసినను, ప్రక్కప్రక్క నున్న రెండంకెలను తారుమారు చేసినను ఆ చివరి యంకె పొసగదు.

ఇంత పీఠిక యెందులకనగా, నేటి స్మృతిశాస్త్రమంతయు ఈ యుపాయమునకు విస్తరణమే. ఇక యంత్రములోనికి పోదము.

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు నిర్మించి 1960లో నడిపిన టిఫ్రాక్ అను కంప్యూటరులో స్మృతి యంతయు ఫెర్రైటు అను అయస్కాంత పదార్థముతో చేసిన చిన్న చిన్న వలయములు. పూసలవలె తీగలపై గ్రుచ్చబడిన ఈ వలయము లొక్కొక్కటి ఒక బిట్టును, అనగా ఒక సున్నను గాని ఒకటిని గాని, దాచుకొనును. 40 బిట్ల మాటలు 2048 దానిలో పట్టును. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడ అందులో నిముడదు. కాని అయస్కాంతత్వ మగుటచేత కరెంటు పోయినను ఆ బిట్టు నిలుచును. ఒక విచిత్రమేమనగా, ఆ వలయమును చదువుట యనగా దానిని చెరుపుటయే. చదివిన వెంటనే మరల వ్రాయవలెను. మన తాటియాకు దానికంటె నయము.

నేటి పెన్ డ్రైవులలోను ఫోనులలోను ఉన్నది ఫ్లాష్ స్మృతి. దీనికి మూలమైన ఆలోచనను 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కాంగ్, జీ అను నిరువురు ప్రకటించిరి. 1984లో జపానులోని తోషీబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా దానిని నేటి ఫ్లాష్ రూపమునకు తెచ్చెను. దీనిలో ఒక్కొక్క అర ఒక ట్రాన్సిస్టరు. ఆ ట్రాన్సిస్టరులో అన్ని వైపుల విద్యుత్తును పోనీయని పొరతో చుట్టబడిన యొక చిన్న దీవి యుండును. అధికమైన వోల్టేజి నిచ్చి ఎలక్ట్రానులను ఆ గోడ దాటించి దీవిలోనికి పంపుదురు. ఒకసారి లోపలికి పోయిన ఎలక్ట్రానులకు వెలుపలికి దారి లేదు. కరెంటు తీసివేసినను అవి అచ్చటనే యుండును. అవి యున్నవా లేవా యన్నదే ఆ అరలోని వ్రాత.

ఆ గోడ మందము ఎంతో తెలియునా? ఒక మిల్లీమీటరులో లక్షవవంతు. ఎలక్ట్రానులు రాకపోకలు చేసిన ప్రతిసారియు ఆ గోడ కొంచెము దెబ్బతినును. కొన్నివేల సార్లు వ్రాసి చెరిపిన తరువాత గోడలో లోపము లేర్పడి, లోపలి ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోవును. వేడిమి యెక్కువైన కొలది ఈ జారుడు వేగమగును. ప్రక్క అరలో వ్రాసినప్పుడు ఈ అర కొంత కదలును. ఊరక చదువుచున్నను, అదే చోట లక్షలసార్లు చదివినచో, చుట్టుప్రక్కల అరలలో కొంత విద్యుత్తు చేరును.

ఇది చాలదన్నట్లు మానవుని ఆశ. ఒక కుండలో నీరున్నదా లేదా యని చెప్పుట సులభము. అదే కుండకు గీతలు గీచి, నీరు పదునారింటిలో ఏ గీతవరకు నున్నదో చెప్పుమన్నచో? నేటి చవుక డ్రైవులలో జరుగుచున్న దిదియే. ఒక అరలో ఒక బిట్టు దాచుటకు రెండు స్థాయులు చాలును. నాలుగు బిట్లు దాచుటకు పదునారు స్థాయులు కావలెను. కుండ పెద్దది కాలేదు, గీతలు మాత్రము దగ్గరైనవి. ఒక బిట్టు దాచు అర సుమారు లక్ష వ్రాతలను ఓర్చును. నాలుగు బిట్ల అర వేయి వ్రాతలకే అలసిపోవుట కద్దు. ధర తగ్గినదని మనము సంతోషించునప్పుడు తగ్గిన ఆ మరియొక దానిని గూర్చి పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాయరు.

మరి ఇట్టి బలహీనమైన అరలతో కట్టిన స్మృతి ఎట్లు పని చేయుచున్నది? రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞునికి మనము కృతజ్ఞులము. బెల్ ప్రయోగశాలలోని రిలే కంప్యూటరు వారాంతములలో మనుష్యులు లేకుండ పని చేసెడిది. తప్పు దొరలినట్లు అది గుర్తింపగలిగెడిది గాని దిద్దుకొనలేకపోయెడిది. ఆ లెక్కను విడిచి తరువాతి లెక్కకు పోయెడిది. సోమవారమున వచ్చి చూచిన హామింగునకు చిరాకు కలిగెను. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము అది ఎచ్చట నున్నదో ఏల తెలిసికొనరాదు అని ఆతడు ప్రశ్నించుకొనెను. 1950లో ప్రకటించిన ఆతని సమాధానమును మీ యెదుట చేసి చూపెదను. లెక్కలన్న భయపడువారు కూడ ఒక్క నిమిషము ఓపిక పట్టుడు.

నాలుగు బిట్ల సమాచారమును ఏడు స్థానములలో నుంచుదము. 1, 2, 4 స్థానములలో ముగ్గురు కావలివారు. 3, 5, 6, 7 స్థానములలో సమాచారము. మొదటి కావలివాడు 1, 3, 5, 7 స్థానములను చూచుకొనును. రెండవవాడు 2, 3, 6, 7. మూడవవాడు 4, 5, 6, 7. ప్రతివాని పరిధిలోను ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కావలెను, ఇదియే నియమము. 1011 అను సమాచారము నిట్లు వ్రాసినచో ఏడు స్థానములలో 0110011 అగును. ఇందులో ఆరవ స్థానము చెడి 0110001 అయినదనుకొనుడు. మొదటివాడు తన లెక్క సరిగానే యున్నదనును. రెండవవాడును మూడవవాడును పొసగలేదని మొరపెట్టుదురు. రెండవవాడు కూర్చున్న స్థానము 2, మూడవవానిది 4. రెండును కూడినచో 6. చెడిన స్థానము దొరికినది! అచ్చట సున్న యున్నచో ఒకటి, ఒకటి యున్నచో సున్న. బిట్టునకు మరియొక గతి లేదు గాన దిద్దుటయు అయినది. కావలివాడే చెడినను ఇదే లెక్క అతనిని పట్టియిచ్చును. ఎన్నిసార్లు చేసి చూచినను నాకు తనివి తీరని లెక్క ఇది.

కాని రెండు బిట్లు ఒకేసారి చెడినచో ఈ ముగ్గురును కలిసి మంచివానిపై నేరము మోపుదురు. ఫ్లాష్ స్మృతిలో ఒక పుటలో పదుల కొలది బిట్లు చెడుట సామాన్యము. ఎన్ని తప్పులు కావలెనన్న అన్నింటిని దిద్దగల పద్ధతిని 1959, 1960 సంవత్సరములలో విడివిడిగా కనిపెట్టినవారు ఫ్రాన్సు దేశీయుడు ఒక్వెంగమ్, మన దేశీయులైన రాజచంద్ర బోసు, ఆయన శిష్యుడు ద్విజేంద్రకుమార్ రాయ్ చౌధురి. వారి పేర్ల మొదటి అక్షరములతో దానికి బి.సి.హెచ్. సంకేత మని పేరు వచ్చినది. బోసుగారు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పని చేసి 1949లో అమెరికాకు వెళ్ళినవారు. ఫ్లాష్ డ్రైవులు చిరకాలము ఈ సంకేతము మీదనే నడచినవి.

ఇచ్చట తెలుగువారి ప్రసక్తి కూడ కలదు. అభిమానముకొరకు లాగికొని వచ్చుట లేదు, నిజముగానే కలదు. అదే గణాంక సంస్థలో, బోసుగారి వెంబడి, కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు పని చేసిరి. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 2023లో నూటరెండేండ్లు నిండిన పిదప కీర్తిశేషులైన సి.ఆర్. రావుగారే. అనేక కారణములను ఒకేసారి పరీక్షింపవలసినచో, ఏ విత్తనమును ఏ ఎరువుతో ఎంత నీటితో కలిపి చూడవలెనో, తక్కువ ప్రయోగములతో ఎట్లు తేల్చవలెనో తెలుపు పట్టికలను ఆయన 1947లో ప్రకటించిరి. పొలములో మడులకొరకు పుట్టిన ఈ పట్టికలును, తప్పులు దిద్దు సంకేతములును ఒకే గణితమునకు రెండు ముఖములని తరువాత తేలినది. బోసుగారే 1961లో ఈ సంబంధమును గూర్చి వ్రాసిరి. హామింగు గీచిన హద్దునకును రావుగారు గీచిన హద్దునకును బింబప్రతిబింబ సంబంధ మున్నదని నేటి పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి.

నేటి డ్రైవులలో బి.సి.హెచ్. స్థానమున ఎల్.డి.పి.సి. అను మరియొక సంకేతము వాడుకలోనికి వచ్చినది. రాబర్ట్ గాలగర్ 1960లో తన పరిశోధన వ్యాసములో దానిని చెప్పెను. ఆనాటి యంత్రములకు అది మోయలేని బరువగుటచే మూడు దశాబ్దములకు పైగా మరుగున పడియుండెను. దీని విశేషమేమనగా, అరలో సున్నయా ఒకటియా అని మాత్రమే గాక, ఎంత గట్టిగా సున్న, ఎంత అనుమానముగా ఒకటి అన్నది కూడ విచారణలోనికి తీసికొనును. సాక్షి చెప్పినదానితోపాటు సాక్షి తడబాటును కూడ చూచు న్యాయాధిపతివలె.

సంకేత మొక్కటియే చాలదు. డ్రైవులో నుండు నియంత్రకమునకు, అనగా స్మృతిని పాలించు చిన్న కంప్యూటరునకు, ఇతర పనులు చాల కలవు. ఫ్లాషులో ఒక అక్షరము మార్చవలెనన్నను ఒక పెద్ద ఖండమంతయు చెరపవలెను. కావున మార్చిన పుటను మరియొక ఖాళీస్థలమున వ్రాసి, పాతదానిని తరువాత తీరికగా చెరపును. ఒకే ఖండముపై భారమంతయు పడకుండ వ్రాతలను అన్నింటికి పంచును. మన కార్యాలయములలో కూడ ఈ పద్ధతి వచ్చినచో బాగుండునని కొందరు ప్రక్కన గొణుగుచున్నారు. అది నా విషయము కాదు. కార్ఖానానుండి వచ్చునప్పుడే కొన్ని ఖండములు పనికిరానివని గుర్తువేసియుండును, వానిని ముట్టదు. చదివినది సరిపడనప్పుడు కొలత గీతను కొంచెము జరిపి మరల చదువును. తప్పులు పెరుగుచున్న పుటను దిద్దగలిగినంతలోనే దిద్ది క్రొత్తచోట ప్రతి వ్రాయును. తాటియాకు పెళుసెక్కకముందే ప్రతి వ్రాయుట యని చెప్పితినే, అదియే. 2013నుండి అరలను నేలపై ఇరికించుట మాని అంతస్తులుగా పేర్చుట మొదలిడిరి. అరలు కొంచెము పెద్దవగుటచే ఓర్పు కూడ పెరిగినది.

ఇన్ని చేసినను నిజ జీవితము ప్రయోగశాలవలె నుండదు. గూగుల్ సంస్థ కేంద్రములలో ఆరేండ్లపాటు వాడిన డ్రైవులను గూర్చి 2016లో ఒక పరిశోధన వెలువడినది. ఎక్కువ ధర పెట్టి కొన్న ఒక బిట్టు జాతి డ్రైవులు వాడుకలో తక్కువ ధరవానికంటె నమ్మదగినవిగా కనబడలేదు. ఎంత వ్రాసితిమన్న దానితో సంబంధము లేకుండ వయస్సు కూడ ప్రభావము చూపినది. పళ్ళెములు తిరుగు పాత డిస్కులకంటె ఫ్లాష్ డ్రైవులను మార్చవలసిన యవసరము తక్కువగా వచ్చినది. కాని దిద్దుటకు వీలులేని తప్పులు మాత్రము వీనిలోనే ఎక్కువ. అనగా డ్రైవు బ్రతికియే యుండును, అందులో ఒక కాగితము మాత్రము మాయమగును. ఇది మరింత ప్రమాదకరమని నా యభిప్రాయము. చచ్చిన డ్రైవు తాను చచ్చినట్లు చెప్పును, ఇది చెప్పదు.

తప్పు అరలలోనే పుట్టవలెనని కూడ లేదు. 2004 జనవరిలో అంగారక గ్రహముపై దిగిన స్పిరిట్ అను అమెరికా వాహనము పదునెనిమిదవ దినమున మౌనము వహించినది. దాని ఫ్లాష్ స్మృతి చెడలేదు. ప్రయాణకాలమునుండి పోగుపడిన ఫైళ్ళు మితిమీరి, వాని జాబితాను తెరచి పెట్టుకొనుటకు పలకవంటి స్మృతి చాలలేదు. చాలక కంప్యూటరు ఆగిపోవును. ఆగి మరల మొదలగును. మరల ఆ జాబితానే తెరువబోవును. రాత్రి నిద్రపోవలసిన వాహనము మేలుకొని బ్యాటరీని ఖర్చు చేయసాగినది. ఫ్లాషును తాకకుండ మేలుకొనుమని పసడీనానుండి ఇంజనీరులు ఆదేశము పంపిరి. అట్లు మేలుకొనగలుగు దారి నొకదానిని ముందే నిర్మించి యుంచుటచేతనే అది సాధ్యమైనది. ఫిబ్రవరిలో స్మృతిని శుభ్రపరచిరి. తొంబది దినములకొరకు పోయిన ఆ వాహనము 2010 వరకు పలికినది. దాని తోడి వాహనము ఆపర్చునిటీకి పదేండ్ల వయస్సులో నిజముగనే ఫ్లాష్ అరిగిపోయెను. అప్పుడది ఏనాటి సమాచారమును ఆనాడే, నిద్రించుటకు ముందే, భూమికి పంపివేయుచు పని సాగించినది.

ఇక ఇంటి మాట. మనము ఉద్యోగరీత్యా దేశము నలుమూలల తిరుగువారము. ఊరిలో ముసలి తల్లిదండ్రులు. వారి మాట, పాట ఫోనులో పట్టుకొని తెచ్చుకొందుము. బదిలీ అయినప్పుడు సామానుతోపాటు ఒక పెన్ డ్రైవులో వేసి, ఉక్కు బీరువా లోపలి అరలో పెట్టి, బంగారముతో సమానముగ దాచితిమని నిశ్చింతగ నుందుము. బంగారము బీరువాలో తరుగదు. కాని ఫ్లాషును గూర్చి పరిశ్రమవారు తామే పెట్టుకొన్న ప్రమాణ మిట్లున్నది: ఇండ్లలో వాడు ఎస్.ఎస్.డి. డ్రైవు, తనకు చెప్పబడిన వ్రాతలన్నియు పూర్తియైన పిదప, కరెంటు లేకుండ 30 డిగ్రీల వేడిమిలో ఒక యేడాది సమాచారమును నిలుపవలెను. ఒక్క యేడాదియే! తక్కువగా వాడిన డ్రైవు చాల యేండ్లు నిలుచుననుట నిజమే. కాని మన వేసవిలో, పడమటి గోడనానుకొన్న బీరువాలో, 30 డిగ్రీలు ఎక్కడివి? పెన్ డ్రైవులలో వాడు చిప్పుల నాణ్యము కొనువారికి తెలియు మార్గము కూడ తక్కువ.

కావున మీ కుటుంబమునకు మరల దొరకనివి యేవో ముందు నిర్ణయించుకొనుడు. అన్ని ఫోటోలు కావు. కొన్నింటిని మాత్రమే ఏరుకొనుడు. వానికి మూడు ప్రతులు చేయుడు; మూడును ఒకే జాతి వస్తువులలో వద్దు. ఒకటి ఫ్లాషులోను, ఒకటి పళ్ళెములు తిరుగు డిస్కులోను, ఒకటి దూరమున ఇంకొకరి ఇంటిలోను ఉండనిండు. ఊరిలోని తమ్ముడో అక్కగారో సంతోషముగనే దాచుదురు. సంవత్సరమున కొకసారి తీసి చూడుడు. కంప్యూటరునకు తగిలించి పేరు కనబడినదని మూసివేయుట చూచుట కాదు. పాటను చివరివరకు వినుడు. తగిలించినంత మాత్రమున లోపలి వ్రాత బలపడునని కూడ తలపవద్దు. క్రొత్తదానిలోనికి ప్రతి వ్రాసినప్పుడే అది బలపడును. ప్రతి వ్రాసిన తేదీని ఒక చీటీపై సిరాతో వ్రాసి ఆ పెట్టెలోనే యుంచుడు. మీరు బదిలీపై వెళ్ళినపుడు పెట్టె తెరచు మీ పిల్లలకు ఆ చీటీ పనికివచ్చును.